పసిబిడ్డల భక్తి - పెద్దల నడవడి



మా సంఘమునందలి స్త్రీల మైత్రి కూటములకు వచ్చు పడుచు తల్లులు నన్ను తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. బిడ్డలకు దైవభక్తి నేర్పుటకు ఏ పుస్తకము కొనవలెను, ఏ యేట మొదలుపెట్టవలెను, ముందు ఏ పాట నేర్పవలెను అని వారడుగుదురు. ప్రశ్న మంచిదే, పుస్తకములును మంచివే. బొమ్మల బైబిళ్లు నేడు ఎన్నియో దొరకుచున్నవి. సెల్‌ఫోనులో పిల్లల పాటలకు కొదువయే లేదు. అయినను పుస్తకము పేరొకటి చెప్పి వారిని పంపివేయుటకు నాకు మనసు రాదు. ఏలయన నాకు భక్తి నేర్పినవారిలో మొదటి యామెకు అక్షరము ముక్క రాదు.

ఆమె మా జేజి, అనగా మా నాయనను గన్న తల్లి. మాది నంద్యాల సీమలో కుందూ యేటి దాపుననున్న నల్లరేగడి పల్లె. నా చిన్నతనమున నది కర్నూలు జిల్లాలోనిది. 2022వ సంవత్సరమున నంద్యాల వేరు జిల్లాయైనది. రేగడిచేలలో జొన్నయు, కొఱ్ఱయు, ప్రత్తియు పండెడివి. వరియన్నము పండుగనాటి మాట. ప్రతిదినము సాయంకాలము జేజి సంగటికి ఎసరు పెట్టి, జొన్నలు విసరుటకు తీసినప్పుడు, ముందుగా నొక పిడికెడు తీసి గోడవారనున్న చిన్న ముంతలో పోసెడిది. పోయునప్పుడు పెదవులు కదలెడివి; ఏమనుకొనెడిదో నాకు వినబడెడిది కాదు. శనివారము మాపటికి ఆ ముంత నెత్తుకొని ఉపదేశిగారి యింటికి పోయి కొలిచి యిచ్చి వచ్చెడిది. ఇట్లే తక్కిన యిండ్ల స్త్రీలును తెచ్చెడివారు. ఆ గింజలమ్మిన డబ్బుతో గుడిదీపమునకు నూనెయు, ఉపదేశిగారి జీతములో కొంతయు జరిగెడివి. పిడికెడు గింజల యీ యేర్పాటు మా యూరిలో పుట్టినది కాదు. ఆంధ్రదేశపు సంఘములలో పలుచోట్ల స్త్రీలు పిడికెడు బియ్యమని దీనిని జరుపుచు వచ్చిరి. బియ్యము లేని సీమ గనుక మాకు జొన్నలైనవి, అంతే.

1965-66లో వానలు తప్పినప్పుడు నాకు తొమ్మిదేండ్ల ప్రాయము. ఇంటిలో ఒకపూట సంగటి, ఒకపూట అంబలి. గుమ్మిలో చేయి పెట్టిన అడుగు తగులుచుండెను. ఒకనాడు మా అమ్మ మెల్లగా, “అత్తా, ఈ యేటికి ముంతను కట్టిపెడదామా?” అని యడిగినది. అమ్మ పిసినారి కాదు. నలుగురు బిడ్డల తల్లి. జేజి కొంతసేపు ఊరకుండి, “పిడికిలి చిన్నది చేసుకుందాం లేమ్మా, ముంతను మాత్రం కట్టిపెట్టొద్దు” అన్నది. ఆనాటినుండి ఆమె వ్రేళ్లు బిగించి తీయుచుండుట నేను చూచితిని. పిడికిలి నిజముగానే చిన్నదైనది. కాని ఒక్క సాయంకాలమైనను తప్పలేదు.

ఆ కరవులోనే ఒక శనివారము జేజి ముంత నెత్తుకొని ఉపదేశిగారి యింటివైపు పోక దూదేకులవారి సందులోనికి తిరిగినది. నేను వెంట నున్నాను. అక్కడ ఒక బాలింతరాలుండెను. పొయ్యిలో పిల్లి పండుకొన్న యిల్లది. జేజి ముంత నామె చేటలో కుమ్మరించి, ఒక్క మాటయు మాటలాడక వెనుకకు మరలినది. నేను దారిలో, “జేజీ, అవి దేవుని జొన్నలు గదా!” అంటిని. “దేవునివే. ఆయన పొమ్మన్న యింటికే పోయినాయి” అన్నది. మరునాడు గుడియొద్ద ఉపదేశిగారికి ఆమెయే జరిగినది చెప్పినది. ఆయన నవ్వి, లెక్కల పుస్తకములో ఆ వారమునకు ముట్టినట్లే వ్రాసికొనెను. ఆదివారపు బడిలో మంచి సమరయుని కథ నేనెన్ని మారులు విన్నానో లెక్కలేదు. ఆ కథ చెప్పినప్పుడెల్ల నాకు యెరికో త్రోవ కనబడదు. దూదేకుల సందు కనబడును.

ఈ జొన్నల సంగతి యింత విరివిగా వ్రాయుటకు కారణము కలదు. మా సీమ క్రైస్తవులను గూర్చి లోకము చిరకాలముగా ననుచు వచ్చిన మాట యొకటి యున్నది: వీరు గంజికొఱకు మతము పుచ్చుకొన్నవారని. ఆ మాట ఎక్కడినుండి వచ్చెనో చదువరులకు తెలియవలెను. లండను మిషనువారు కడపలో 1822లోనే పని మొదలిడిరి. కర్నూలు సీమలో ముత్యాలపాడు, నంద్యాల, కడపసీమలో కలసపాడు మొదలగు చోట్ల ఆంగ్ల సంఘపు మిషనువారు తరువాత వచ్చిరి. జనులు కొలదికొలదిగా చేరుచుండిరి. అంతలో 1876లో ధాత కరవు వచ్చెను. అది రెండేండ్లు సాగెను. కర్నూలు జిల్లా జనసంఖ్య 1871 లెక్కకంటె 1881 లెక్కలో సుమారు నాలుగవవంతు తగ్గిపోయెననిన ఆ కరవెట్టిదో ఊహింపవచ్చును. కరవు పనులలో రోజంతయు మన్ను మోసిన మగవానికి ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని దొరతనమువారి ప్రతినిధియైన సర్ రిచర్డు టెంపుల్ కూలి నిర్ణయించెను. అట్టి దినములలో గంజికేంద్రములు నడపినవారిలో మిషనువారును గలరు. కరవు వెనుకబట్టిన పిమ్మట తెలుగు సీమలలో వేలకొలది జనులు బాప్తిస్మము పొందిరి. గంజి త్రాగినవారుండిరి, కాదనుటకు నేనెవతెను? ఆకలిగొన్నవాడు అన్నము పెట్టిన చేతిని నమ్ముట నేరమని నాకు తోచదు.

కాని కరవు రెండేండ్లలో పోయినది. గంజికొఱకే వచ్చినవారైనచో గంజి తీరిన నాడే పోవలసినది గదా! పోనివారు పెక్కుమంది. వారు నిలుచుటకు కారణము దొరసానుల బోధయో, అయ్యగార్ల ప్రసంగములో మాత్రమే యని నేననుకొనను. అయ్యగారు పల్లెకు నెలకొకసారియో రెండుమారులో గుఱ్ఱముమీద వచ్చెడివాడు. తక్కిన దినములలో బిడ్డలయెదుట నున్నది తల్లియు అవ్వయు మాత్రమే. గంజి పుచ్చుకొన్నవారి మనుమరాలు కరవు నడుమ పిడికెడు జొన్నలు తీసి పరుల చేటలో పోసినది. ఆ నిందకు ఇంతకుమించిన ప్రత్యుత్తరము నే నెరుగను.

పౌలు తిమోతికి వ్రాసిన జాబులో ఆ పడుచువాని విశ్వాసమును పొగడుచు, అది మొదట నెవరియందుండెనో పేర్లు పెట్టి చెప్పినాడు. తండ్రి గ్రీసు దేశస్థుడు; ఆయన పేరైనను లేదు. పేర్కొన్నది అవ్వయగు లోయిని, తల్లియగు యునీకేను. మన తెలుగు బైబిలు అక్కడ మాతామహి యనక, మన సీమ మాటయైన అవ్వ యనియే వాడినది. చదివినప్పుడెల్ల నాకు సంతోషము కలుగును. మోషేయును ధర్మశాస్త్రమును బిడ్డలకు నేర్పుడని చెప్పుచు బడి మాటయే యెత్తలేదు. ఇల్లు, దారి, పడక, ప్రొద్దుటి మేల్కొనుట - ఇవియే యాయన చెప్పిన తరగతి గదులు. ఆదివారపు బడి చాల వెనుకటిది కాదు. 1780లో ఇంగ్లాండులోని గ్లాస్టరు పట్టణమున రాబర్టు రెయిక్సు అను పత్రికాధిపతి, వారములో ఆరుదినములు పని చేయుచు ఏడవనాడు వీధులలో తిరుగుచున్న బీదపిల్లలకై దానిని నడిపెను. అది ఇంటికి తోడుగా వచ్చినది గాని ఇంటికి మారుగా వచ్చినది కాదు.

దారి యనగా జ్ఞప్తికి వచ్చినది. ఆదివారము గుడినుండి ఇంటికి వచ్చు దారిని మనము లెక్కలోనికి తీసికొనుట లేదు. లోపల గంటసేపు కన్నులు మూసికొని, వెలుపలికి రాగానే అయ్యగారి ప్రసంగము చప్పగా నుండెననియు, ఫలానావారి కోడలి చీర ఖరీదెంతయో యనియు, కానుక సంచిలో ఫలానావారు వేసినది చిల్లరయే యనియు మాటలాడుచు వచ్చెదము. బిడ్డ చేయి పట్టుకొని ప్రక్కనే నడచుచుండును. ప్రసంగములో నిద్రపోయినదిగాని ఇప్పుడు చక్కగా మేలుకొని యున్నది.

ఇక రెండవ సంగతి. ఇది వ్రాయుటకు కొంత జంకుగా నున్నను వ్రాయకున్న నా వ్యాసము సగము కల్ల యగును. మా యూరి సంఘములో మాల కుటుంబములును మాదిగ కుటుంబములును గలవు. క్రీస్తునందు భేదము లేదని పాడుటకు ఇరువురికిని గొంతు లొక్కటే. కాని నా చిన్నతనమున ముందు వరుసలలో నొక గేరివారు, వెనుక వరుసలలో నొక గేరివారు కూర్చుండెడివారు. ఎవరు నియమించినదియు కాదు, అందరికిని తెలిసినదే. కోతపండుగ నాటి విందులో పంక్తులును అట్లే. 1912లో దోర్నకల్లు అధ్యక్షుడై, మన దేశీయులలో మొదటి ఆంగ్లసంఘ బిషప్పైన అజరయ్యగారు సంఘములోని కులభేదమును గూర్చి కఠినముగా మాటలాడుచు వచ్చిరి. మా సీమ సంఘములును తరువాత వారి మండలములోనివే. 1945 జనవరి 1న వారు పరమపదించిరి. బిషప్పుగారు చెప్పుదురు, జనులు తల యూపుదురు, విస్తళ్లు మాత్రము ఎప్పటిచోటనే పడుచుండును.

నాకు పదునొకండవ యేడు జరుగుచుండగా ఒక కోతపండుగనాడు మా నాయన తన విస్తరి నెత్తుకొనిపోయి రెండవ పంక్తిలో, చెప్పులు కుట్టు ముసలాయన ప్రక్కను కూర్చుండెను. ఆయన చిన్నబడి పంతులు. గట్టిగా మాటలాడు స్వభావము కాదు. ఎవరితోను ఏమియు ననలేదు. కూర్చుండి సంగటి ముద్ద కలుపుకొని తిన్నాడు, అంతే. మా అమ్మ వడ్డించుచున్న గంగాళమును తీసికొని ఆ పంక్తికి పోయినది. విందులో మాటలు నిలిచిపోయినవి. మా బంధువులలో నొక పెద్దమనిషి ఆకు మడిచి లేచిపోయెను. ఆయన కుమారునికి మా చిన్నత్తను చేసికొనుటకు మాట జరిగియుండెను, ఆ మాట ఆనాటితో సరి. చిన్నత్త పెండ్లి రెండేండ్లు వెనుకబడెను. ఆమె మా నాయనను ఒక్కమాట యనలేదని వ్రాసిన అందముగా నుండునుగాని అది నిజము కాదు. చాల మాటలే యన్నది. ఆయన అన్నియు విన్నాడు. వచ్చిన యేడు కూడ అక్కడనే కూర్చున్నాడు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో నాయన దానిని గూర్చి ఏమైన చెప్పునేమో యని నేను కాచుకొని యుంటిని. ఏమియు లేదు. ఎప్పటివలెనే రోగులకొఱకు, వానకొఱకు, మా చదువులకొఱకు ప్రార్థించి దీపము తగ్గించెను. చెప్పియున్నచో నేను మరచియుందునేమో.

దీనికి ఎదురైన చిత్రమును మా యూరిలోనే యున్నది. సంఘపెద్ద యొకాయన యుండెడివాడు. అరగంట ప్రార్థన, విన్నవారికి కన్నీరు వచ్చును. ఆ మనిషే శనివారము మాపున వేరుసెనగ పెరికిన కూలి స్త్రీలను వాకిట నిలువబెట్టి, వచ్చేవారము రండని త్రిప్పెడివాడు. ఆయన చిన్నకుమారుడు నా తోటి చదువరి. పెద్దవాడైన తరువాత గుడి గడప త్రొక్కలేదు. ఒకమారు నేనడుగగా, “ఆయమ్మలు కూలికోసరం నిలబడి ఉంటే లోపల మా నాయన ప్రార్థన చేస్తావుండె. నాకు ఆ గొంతే వినబడుతుంది” అన్నాడు. అతడు చెడ్డవాడు కాడు. తన కూలివాండ్రకు ఆ సాయంకాలమే డబ్బు చెల్లించువాడు. తండ్రినుండి నేర్చికొన్నదియే, కాని తలక్రిందుగా నేర్చికొన్నాడు. ఏలీ యాజకుని యింట హొఫ్నీ, ఫీనెహాసులు దేవాలయపు నీడలోనే పెరిగి చెడిపోయిరి; అదే నీడలో, తల్లి యేటేట కుట్టి తెచ్చిన చిన్న అంగీ తొడుగుకొని సమూయేలు పెరిగెను. ఆ అంగీ మాటను గ్రంథకర్త వ్రాయక విడువలేదు.

అయితే క్రమముతో పనియే లేదా యని మీరడుగవచ్చును. కలదు. పందొమ్మిదిమంది బిడ్డలను గన్న సుసన్నా వెస్లీ, బ్రదికినవారిలో ఒక్కొక్క బిడ్డకు వారములో నొక్కొక్క సాయంకాలము కేటాయించి వేరుగా కూర్చుండి మాటలాడెడిది; జానుకు గురువారము. అతడు పెరిగి పెద్దవాడై మెథడిస్టు సమాజమునకు మూలపురుషుడైన తరువాతను ఆ గురువారములను మరువలేదు. పదిమంది నడుమ ఆమెకు దొరికిన తీరిక ఇద్దరు బిడ్డల తల్లులమైన మనకేల దొరకదో నాకు తెలియదు. ఇంగ్లాండులోనే మేరీ సమ్నరమ్మ, మనుమరాలు పుట్టిన సంతోషములో, ధనికురాండ్రు బీదలు ననక తల్లులందరు బిడ్డల పెంపకమును దేవుని పనిగా నెంచవలెనని 1876లో మాతృసంఘమును స్థాపించెను. మా కర్నూలు సీమలో తల్లులు బిడ్డలకు ఆకులలములు వండి పెట్టుచున్న ఏడే యది. ఒకే సంవత్సరమున లోకములో నెన్ని విధములైన తల్లులుందురో!

ప్రార్థన సమయము మాత్రము బిడ్డకు తగినట్లుండవలెను. పది నిమిషములు చాలును. మా ఆయన యిరువది నిమిషములందురు. ఈ తగవు మా యింట నలువది యేండ్లుగా తెగలేదు.

నేటి తల్లుల కష్టము మా జేజి యెరుగనిది. మా కుమారుడును కోడలును బెంగళూరులో నుద్యోగములు చేయుచున్నారు. ఒకరు వచ్చునప్పటికి ఒకరు పోవుదురు. మనుమనికి భోజనము పెట్టునది పనిమనిషి, పాట పాడునది ఫోను. కోడలు నాతో, “అత్తమ్మా, వానికి ముప్పది పాటలు వచ్చును. దేవుడనిన ఏమని యనుకొనుచున్నాడో నాకు తెలియదు” అన్నది. తెలియదని చెప్పిన తల్లిని నేను మెచ్చుకొంటిని.

2023లో ఆగస్టు నెల యెండిపోయినది మీకు జ్ఞాపకముండును. దేశములో నూరేండ్లకు పైబడిన లెక్కలలో నంత వాన తక్కువైన ఆగస్టు లేదనిరి. దసరా సెలవులకు ఆరేండ్ల మనుమడు మా యొద్దకు వచ్చునప్పటికి చేలలో ప్రత్తి మోకాలెత్తున మాడి నిలిచియున్నది. ఆదివారము గుడిలో వానకొఱకు ప్రత్యేక ప్రార్థన జరిగెను. వాడును మోకరించినాడు. బుధవారము వరకు దినమును ఆకాశము చూచి, “అబ్బా, దేవునికి వినబడలేదా?” అని తాతను నిలదీసినాడు. ఇట్టి ప్రశ్నకు నేర్పరియైన జవాబులు పుస్తకములలో గలవు. మా ఆయన, “నాకు తెలీదురా నాయనా” అనిరి. మరునాటి వేకువను ఎప్పటివలెనే చాప పరచుకొని వానకొఱకు మరల ప్రార్థించిరి. మనుమడు వాకిలి పట్టుకొని చూచుచు నిలుచుండెను. మోకరింపలేదు. కొంతసేపటికి బంతి తీసికొని వీధిలోనికి పోయినాడు. పిలువవద్దని మా ఆయన నాకు చేసైగ చేసిరి.

ఆ మాపున ఆయన మా నాలుగెకరములు కౌలుకు చేయుచున్న రైతునొద్దకు పోవుచు వానిని వెంటబెట్టుకొని పోయిరి. ఆ యేటి కౌలు ఇయ్యనక్కరలేదని చెప్పుటకే ఆ ప్రయాణము. ఆ రైతు మాటలాడలేక, మనుమని చేతిలో రెండు జొన్నరొట్టెలు పెట్టి పంపెను. రాత్రి వాడు తల్లితో ఫోనులో చెప్పినది గుడి మాట కాదు, వాన మాట కాదు. “అమ్మా, అబ్బ దుడ్లు వద్దన్నాడు. ఆయప్ప ఏడ్చినాడు. రొట్టె బాగుండె” అని చెప్పినాడు.

కోడలు ఫోను నాకిమ్మని, “ఎంత, అత్తమ్మా?” అని యడిగినది. చెప్పితిని. తక్కువ సొమ్ము కాదు. వారి యింటి అప్పు వాయిదాకు మేము పంపుదుమనుకొన్నదే యది. అవతలినుండి కొంతసేపు మాట లేదు. తరువాత, “సరే అత్తమ్మా, ఈ నెల మేము చూచుకొందుము. వాడు ఆ రొట్టెలో సగము నాకు దాచినాడట, చీమలు పట్టకుండ చూడండి” అన్నది.